నడిమధ్య సీటు

గోవింద్‌పూర్‌లో భుజంగరావుగారి షెడ్డు ముందు స్కూటర్ ఆపిన పైడిబాబు, లోపలున్న కారును చూసి హెల్మెట్ తియ్యడం కూడా మర్చిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా జంషెడ్‌పూర్ కార్లకు స్పీకర్లు బిగిస్తున్న మనిషి అతను. పెళ్ళికొడుకుల కార్లు, కాంట్రాక్టర్ల జీపులు, నిమజ్జనం నాడు వీధి అదరగొట్టే వ్యాన్లు, ఏ బండి తలుపు విప్పితే ఎన్ని క్లిప్పులు విరుగుతాయో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇలాంటి బండిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. నడుము ఎత్తు కూడా లేదు. తలుపులు పక్కకు కాక పైకి లేస్తాయి. ఇంజను వెనకాల ఉంది. ఇనుమే అన్నం పెట్టే ఊళ్ళో, ఈ కారు ఒళ్ళంతా ఫైబర్. అవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు గానీ, స్టీరింగు మధ్యలో ఉంది. ముందు ఒకే ఒక్క సీటు, అదీ నట్టనడుమ. దాని వెనక చెరో పక్కన చిన్న సీటొకటి.

"ఏటి సార్ ఇది, స్టీరింగు నడుమ పెట్టీసినారు?"

భుజంగరావుగారు ఈ ప్రశ్న కోసం పదకొండేళ్ళుగా ఎదురు చూస్తున్నట్టు నవ్వారు. "ముప్ఫై నాలుగేళ్ళు లారీల డిజైన్లో పనిచేశానయ్యా. మన దేశంలో తిరిగే బండికి కుడివైపు గియ్యమనేవాళ్ళు, బయటి దేశాలకి పోయే బండికి ఎడమవైపు గియ్యమనేవాళ్ళు. ఇది రిటైరయ్యాక పదకొండేళ్ళు కూర్చుని సొంతంగా కట్టుకున్న బండి. చెప్పేవాళ్ళెవరూ లేరు కదా, మధ్యలో పెట్టుకున్నాను."

పైడిబాబు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. మధ్యలో సీటంటే తనకేం ముంచుకొస్తుందో అప్పటికే అర్థమైంది.

"మరి దీన్ని తోలేదెవరు సార్? మీరేనా?"

"నాకు శుక్లాలు తీసినప్పట్నుంచి కళ్ళు మునుపట్లా లేవు. చెవులు సరేసరి." ఆయన రెండు చెవుల్లోనూ మిషన్లున్నాయి. ఇంజన్ల పరీక్షశాలలో నిలబడి నిలబడి పోగొట్టుకున్న చెవులు. ఆ సంగతి ఆయన ఊరందరికీ చెప్పుకుంటారు, పతకం చూపించినట్టు. "లీల తోలుతుంది. పాటలు పెట్టిస్తేనే ఎక్కుతానంది. అందుకే కదా నిన్ను పిలిచింది."

లీలగారంటే ఆయన భార్య, టెల్కో కాలనీలో రెండు తరాల పిల్లలకు వీణ నేర్పిన మాస్టారమ్మ. తీగ వెంట్రుకవాసి దిగినా పక్కగదిలోంచి ఆ పిల్ల పేరు పెట్టి మరీ చెప్పేదని అందరికీ తెలుసు. అలాంటి చెవులు గల మనిషి ఆ సీట్లో కూర్చుని, తను బిగించిన స్పీకర్లు వినబోతోంది. పైడిబాబు అప్పుడు హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అతని కష్టమేమిటో ఇక్కడే చెప్పెయ్యాలి, లేకపోతే ఇంత పేరున్న మనిషి అంత పిరికితనం చూపించడం చోద్యంగా ఉంటుంది. పైడిబాబుకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఏడాదిన్నర కిందట ఫోనులో మాటలు వినపడటం మానేశాయి. సాక్చి బజారుకు వెళ్ళి ఫోను స్పీకరు మార్పించాడు. అయినా వినపడలేదు. దుకాణంవాణ్ణి నాలుగు తిట్టి, ఇంకో దుకాణంలో మళ్ళీ మార్పించాడు. ఆ తర్వాత ఒకరోజు ఎడమ చేతిలో పని ఉండి ఫోను కుడి చెవికి పెట్టుకుంటే, అవతల బావమరిది గొంతు ఖంగుమని మోగింది. డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవి సగం పైనే పోయిందనీ, పోయింది ఇక రాదనీ చెప్పాడు. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. స్పీకర్లు బిగించాక డ్రైవరు తలుపు బయట నిలబడి, తల లోపలికి వంచి, సౌండు పూర్తిగా పెంచి వినడం అతని అలవాటు. అలా నిలబడితే కారు లోపలికి ఉండేది ఎడమ చెవే. ఇరవై రెండేళ్ళు ఆ చెవినే లోపలికి పెట్టాడు.

ఇంతకీ అతని దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఏం రాసి ఉందంటే, 'మీటర్ కాదు, చెవి'. సాక్చిలో కుర్రకారు లాప్‌టాపులూ మైకులూ పెట్టి సౌండు సరిచేస్తుంటే, పైడిబాబు వాళ్ళను ఎగతాళి చేసి బతికాడు. ఊరు కూడా అతని చెవినే నమ్మింది. ఇప్పుడు ఆ చెవి పోయిందని ఊరికి తెలియకూడదు. పెళ్ళాం కల్పనకు కూడా చెప్పలేదు.

ఇన్నాళ్ళూ బయటపడకపోవడానికి కారణం మన రోడ్ల నియమమే. మన కార్లలో డ్రైవరు కుడిపక్క కూర్చుంటాడు. కుడి స్పీకరు మోకాలికి తగులుతూ ఉంటుంది, ఎడమది ఎక్కడో అవతలి తలుపులో ఉంటుంది. అందుకని ఎడమదాన్ని కాస్త పెంచడం ఈ పనిలో ఎలాగూ ఆనవాయితీ. పైడిబాబు కాస్తకు బదులు ఇంకాస్త పెంచేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరిద్దరు బాగుందని కూడా అన్నారు. ఇప్పుడు ఈ పెద్దమనిషి సీటు తెచ్చి నడిమధ్యలో పెట్టాడు. రెండు స్పీకర్లూ సమానదూరం. ఏ వంకా పెట్టడానికి లేదు.

ఒప్పుకోకుండా స్కూటరెక్కి వెళ్ళిపోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ భుజంగరావుగారు అప్పటికే తెల్ల కాగితం చుట్ట విప్పి కారు ముక్కు మీద పరిచారు. కారు నమూనా, పైనుంచీ, పక్కనుంచీ, మిల్లీమీటర్లతో సహా. "ఒక్క చిల్లు పడే ముందు మొత్తం కాగితం మీదికి రావాలి. ఎక్కడ స్పీకరు, ఎక్కడ ఆంప్లిఫయరు, ఎక్కడినుంచి వైరు. ఈ డొల్లని నేను చేత్తో పొర మీద పొర వేసి చేశాను. అచ్చు విరిగిపోయింది. పొరపాటున కోస్తే మళ్ళీ రాదు."

"అలాగే సార్," అన్నాడు పైడిబాబు. మనిషికి సిగ్గుంటే కాళ్ళు కదలవు.

మొదటిరోజంతా ఆంప్లిఫయరుతోనే సరిపోయింది. వెనక పెడదామంటే సీటు వెనక గోడ అవతలే ఇంజను, ఆ వేడికి ఆంప్లిఫయరు ఉడికిపోతుంది. ముందు పెడదామంటే అక్కడ పెట్రోలు ట్యాంకు. డ్రైవరు సీటు కింద మూడు వేళ్ళ సందు కూడా లేదు. చివరికి వెనకున్న ఎడమ సీటు కింద చోటు దొరికింది. అక్కడైతే గాలి ఆడుతుంది, నీళ్ళు రావు.

"అది నేను కూర్చునే సీటు," అన్నారు భుజంగరావుగారు.

"శీతాకాలం ఎచ్చగా ఉంటాది సార్."

ఆయన పకపకా నవ్వి కాగితం మీద గీశారు. ఆ నవ్వుకు పైడిబాబుకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలో, చేతి అలవాటున, ఎర్తు వైరు కోసం లోపలి గోడను ఉప్పు కాగితంతో గీకాడు. మామూలు బండికైతే రంగు గీకి, ఇనుము కనపడగానే వైరు బిగించెయ్యడమే. ఇక్కడ తెల్లపొడి రాలింది.

"ఏం చేస్తున్నావు? ఫైబర్‌లో కరెంటు ఎక్కడ పారుతుంది?"

"మర్సిపోనాను సార్. బ్యాటరీ దాకా నల్లవైరు ఏరేగా లాగుతాను."

భుజంగరావుగారు ఒంగి, గీత పడిన చోట బొటనవేలు పెట్టారు. బిడ్డ మోకాలికి దెబ్బ తగిలితే తల్లి తుడిచినట్టు తుడిచారు. ఇంత చిన్న గీతకే ఈయనిలా అయితే రేపు చిల్లులు పడేనాటికి ఎలాగని పైడిబాబుకు గుబులు పట్టుకుంది.

రెండోరోజు స్పీకర్ల వంతు. పద్ధతి ఏమిటంటే, ముందు ఏదీ బిగించరు. స్పీకర్లను పాత తువ్వాళ్ళలో చుట్టి, టేపుతో ఒకచోట అంటించి, పాట పెట్టి వింటారు. బాగా లేకపోతే జరుపుతారు, మళ్ళీ వింటారు. కుదిరిన చోట సుద్దతో గుండ్రం గీస్తారు. తలుపులు పల్చన కాబట్టి స్పీకర్లు అక్కడ కుదరవు. పెడళ్ళు మధ్యలో ఉండటంతో, కాళ్ళకు రెండు పక్కలా చోటు ఖాళీగా ఉంది. స్పీకర్లు అక్కడే పెట్టాలనుకున్నారు.

పైడిబాబు సీట్లో కూర్చుని పాట పెట్టాడు. పాడే మనిషి ఎదురుగా అద్దం మధ్యలో ఉన్నట్టు వినపడాలి. వినపడలేదు. కుడి తలుపు దగ్గర ఎక్కడో ఉంది గొంతు. ఎడమ స్పీకరును బెత్తెడు ముందుకు లాగాడు. ఇంకో రెండు వేళ్ళు లాగి, తన వైపు తిప్పాడు. ఆంప్లిఫయరులో ఎడమ పక్క మీట కూడా జరిపాడు. అప్పుడు గొంతు మధ్యకు వచ్చింది. సుద్దతో గీశాడు. తను గీసింది తప్పని అతనికి తెలుసు. ఎంత తప్పో మాత్రం తెలియదు. ఎంత వెనక్కి జరిపితే సరైనదో తన చెవితో తేల్చలేడు.

భుజంగరావుగారు టేపు పెట్టి కొలిచారు. కుడిది ఒక లెక్క, ఎడమది ఇంకో లెక్క. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ కొలిచారు.

"పైడిబాబూ, ఎడమది నాలుగంగుళాలు దగ్గరికొచ్చింది. నా బండి రెండు వైపులా ఒక్కలా ఉంటుంది కదా. ఎందుకిలా?"

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పైడిబాబు చెప్పలేదు. "కొలతకి ఒక్కలాగే ఉండొచ్చు సార్. సౌండుకి ఒక్కలా నేదు. ఎడంపక్క ఏటో తేడా ఉన్నాది. సౌండుని మింగేత్తంది."

"మింగేస్తోందా?"

"బండి బండికీ ఉంటాది సార్ ఇది. మీరేటీ అనుకోకండి."

ఆయన ఆ మాట నమ్మారు. ఊళ్ళో ఇంత పేరున్న చెవి తన బండిలో తేడా ఉందంటే, ఇక ఆయన కాదని ఎలా అంటారు? ఎడమ గోడ మీద అరచెయ్యి పెట్టి, అలాగే నిలబడిపోయారు. పైడిబాబు సామాను సర్దుకుని, గండం గడిచిందనుకుంటూ స్కూటరెక్కాడు.

గడవలేదు. అన్నం దగ్గర కల్పన రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఆమె దుకాణంలోనే ఒక మూల మిషను వేసుకుని కార్ల సీటు కవర్లు కుడుతుంది. "ఏటాలోచిత్తన్నావు? పప్పు ఎయ్యనా అని అడుగుతుంటే ఉలకవు, పలకవు."

"ఏటీ నేదు. ఆ బండి గురించే."

"ఆ బండి కాడికి ఎల్లినకాణ్ణించి మనిషివి మనిషిలాగ నేవు. సేతకాకపోతే మానీ."

చేతకాదన్న మాట ముల్లులా దిగింది. కోపంగా కంచం పక్కకు తోశాడు. కోపం ఎవరి మీదో అతనికే తెలియదు.

తర్వాత మూడు రోజులు భుజంగరావుగారు పనికి పిలవలేదు. నాలుగోరోజు పొద్దున్న ఫోను వచ్చింది. కుడి చెవికి పెట్టుకున్నాడు. భుజంగరావుగారి గొంతు నీరసంగా ఉంది.

"నువ్వు చెప్పింది నిజమేనయ్యా. డొల్లంతా మళ్ళీ కొలిచాను. ఎడమవైపు ఆరు మిల్లీమీటర్లు లోపలికి ఉంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు. నీ చెవికి ఆనింది."

పైడిబాబు దాన్ని తేలిక చెయ్యబోయాడు. "ఆరు మిల్లీమీటర్లేగా సార్."

"ఆరైనా అరవైయైనా వంకర వంకరే. తప్పని తెలిశాక దాని మీద స్పీకర్లు ఎలా పెట్టను? ఎడమ పక్క కోసేస్తున్నాను. అచ్చు మళ్ళీ చేసి, కొత్తగా పోస్తాను. నువ్వొకసారి వచ్చి, ఎక్కడ మింగేస్తోందో చూపించు, అక్కణ్ణించే కోస్తాను."

ఆ పక్క పొయ్యడానికి ఆయనకు పద్నాలుగు నెలలు పట్టింది. అప్పట్లో చేతులు గట్టిగా ఉండేవి. ఇప్పుడు టీ కప్పు పట్టుకున్నా సాసరు మోగుతుంది. కోసిన ఆ పక్కను ఆయన మళ్ళీ పొయ్యలేరు. ఆ సంగతి ఆయనకు కాకపోయినా పైడిబాబుకు తెలుసు.

ఇంత భయంలోనూ ఒక నీచమైన ఆశ అతని లోపల తల ఎత్తింది. ఆరు మిల్లీమీటర్లు నిజంగా ఉంది కదా. ఏమో, తప్పు నిజంగా బండిదేనేమో. డాక్టరు మిషనే చెడిందేమో. మనిషి మునిగిపోతున్నప్పుడు చేతికి ఏది దొరికితే అదే పట్టుకుంటాడు. దారి పొడుగునా, షిఫ్టు బస్సుల వెనక పొగ మింగుతూ, తప్పు బండిదే కావాలని మొక్కుకున్నాడు. ఒక ముసలాయన బండి పాడవ్వాలని మొక్కుకుంటున్నానని గుర్తొచ్చి, సిగ్గుతో చెంపలు కాలాయి.

షెడ్డులో ఎవరూ లేరు. భుజంగరావుగారు కోత మిషనుకు కొత్త బిళ్ళ తేవడానికి వెళ్ళారని లీలగారు వరండాలోంచి చెప్పింది. కారు ఎడమ పక్కన పెన్సిలుతో గీత గీసి ఉంది, చక్రం దగ్గరి నుంచి తలుపు దాకా.

ఆయన వచ్చేలోగా తేల్చుకోవాలి. ఎడమ స్పీకరును కుడిదానికి సరిగ్గా సమానంగా వెనక్కి జరిపాడు, మీటలు సమానం చేశాడు, సీట్లో కూర్చుని పాట పెట్టాడు. గొంతు కుడిపక్కకు పోయింది. వెనక సీటు కింద చెయ్యి పెట్టి, ఆంప్లిఫయరు వైర్లు కుడివి ఎడమకు, ఎడమవి కుడికి మార్చాడు. తప్పు ఆంప్లిఫయరుదైతే ఇప్పుడు పక్క మారాలి. మారలేదు. గొంతు ఇంకా కుడిపక్కే ఉంది. ఇక మిగిలినవి రెండే, బండి లేదా తను.

దానికి ఒకటే దారి. సీట్లో మోకాళ్ళ మీద లేచి వెనక్కి తిరిగాడు. గడ్డం సీటు ఆనుకునే చోట ఆనించి, స్టీరింగుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. తప్పు బండిదైతే మింగే పక్క బండితోనే ఉండాలి. తప్పు తనదైతే తనతో పాటు తిరగాలి.

తిరిగింది. నిన్నటిదాకా సౌండును మింగిన ఎడమ గోడ ఇప్పుడు అతని కుడి చెవి పక్కన నిక్షేపంగా పాడుతోంది. నిన్నటిదాకా బాగున్న కుడి గోడ మూగబోయింది.

డాక్టరు చెప్పినప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. అప్పుడు కాగితం చెప్పింది. ఇప్పుడు తన పని తనకు చెప్పింది.

"వెనక్కి తిరిగి ఏం వింటున్నావు, పైడిబాబూ?"

కళ్ళు తెరిచేసరికి లీలగారు షెడ్డు గుమ్మంలో ఉంది, చేతిలో టీ గ్లాసుతో. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"వైర్లు... వైర్లు సూత్తన్నానమ్మా."

ఆమె గ్లాసు అతని చేతికిచ్చి, పెన్సిలు గీత వైపు ఒకసారి చూసి, అక్కడే స్టూలు మీద కూర్చుంది. వెళ్ళిపోతే బాగుండునని పైడిబాబు అనుకున్నాడు. ఆమె కదలలేదు.

భుజంగరావుగారు వచ్చారు. మూడు రోజుల్లో మనిషి సగమయ్యాడు, గడ్డం మాసింది. పలకరింపు కూడా లేకుండా సంచిలోంచి బిళ్ళ తీసి, మిషనుకు బిగించి, ప్లగ్గు గోడకు గుచ్చారు. "గీత సరిగ్గా ఉందో లేదో చూడు. నువ్వు చెప్పిన చోటు ఇందులో వస్తోందా? లేకపోతే ఇంకా పైనుంచి కొయ్యాలా?"

"సార్, ఒకపాలి ఆలోసించండి. ఇది కొయ్యక్కర్నేదేమో. స్పీకరు కాస్త జరుపుకుంటే సాలు."

"జరిపి తప్పు కప్పెట్టమంటావా? ముప్ఫై నాలుగేళ్ళు ఆ పని నేను ఎవర్నీ చెయ్యనివ్వలేదు."

"అది కాదు సార్..."

"మరేది?"

పైడిబాబు చెప్పెయ్యబోయాడు. బోర్డు గుర్తొచ్చింది, సాక్చి కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మిషను ఎత్తారు. అది చేతుల్లో వణుకుతోంది. మీట నొక్కగానే బిళ్ళ రయ్యిమంది.

"కాస్త ఆపండి," అంది లీలగారు. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ, ముప్ఫై ఏళ్ళు పిల్లలను ఆపిన గొంతు అది. బిళ్ళ ఆగింది. "పైడిబాబు ఏదో చెప్పాలి మీకు."

ఆమె చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అతని వైపు కూడా చూడలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"బండిలో ఏ దోషమూ నేదు సార్," అన్నాడు పైడిబాబు. "దోషం నా ఎడంసెవిలో ఉన్నాది. సగం పైనే పోనాది. ఏడాదిన్నరయింది. ఎవరికీ సెప్పనేదు. మీకు అబద్ధం సెప్పినాను."

భుజంగరావుగారికి ముందు అర్థం కాలేదు. చెవి మిషను సరిచేసుకుని, "ఏమన్నావు?" అన్నారు. పైడిబాబు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి గట్టిగా. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

ఆయన మిషను కింద పెట్టారు. ప్లగ్గు పీకారు. "మూడు రోజులు," అన్నారు. "మూడు రోజులు నిద్ర లేదు నాకు. ఈ చేతులు చేసిన దేన్ని చూసినా వంకరగా కనపడింది. ఇల్లు కూడా కొలిచాను. నీ చెవి కోసం నా కళ్ళ మీద నాకు నమ్మకం పోగొట్టావు."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. పైడిబాబు టేపు ఊడదీసి, స్పీకర్లు తువ్వాళ్ళలో చుట్టడం మొదలుపెట్టాడు. కళ్ళు మసకబారి ముడి పడటం లేదు. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ, బండి మాత్రం కోతకు తప్పింది. అంతవరకే ఆలోచించగలిగాడు.

"ఎక్కడికి?" అంది లీలగారు. "ఇంకా పాటే వినలేదు నేను. నేను కూర్చుంటాను, నువ్వు జరుపు."

పైకి లేచిన తలుపు కిందనుంచి దూరి ఆమె మధ్య సీట్లో కూర్చుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, స్టీరింగును అనుమానంగా చూస్తూ. పైడిబాబు కింద మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ స్పీకరు పట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తన చేతికి ఇంకొకరు దారి చెప్పాలి. అంతలో ఆయన చెప్పుల చప్పుడు వినపడింది. భుజంగరావుగారు వచ్చి, కొలత టేపు కొస ఒకటి అతని చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని కుడిపక్కకు వెళ్ళారు.

మధ్యాహ్నం దాకా అలా సాగింది. లీలగారు తన శిష్యురాలి వీణ ఒకటి ఫోనులోంచి పెట్టింది. "కిందికి. ఇంకా. ఆ, ఇప్పుడు కాస్త నా వైపు తిప్పు." చివరికి కళ్ళు మూసుకుని, ముక్కుకు సూటిగా గాలిలో వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇక్కడ కూర్చుని వాయిస్తోంది." రెండు పక్కలా కొలతలు ఒక్కలాగే వచ్చాయి. ఆరు మిల్లీమీటర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆమె దిగి, "నువ్వు విను," అంది.

"నేనెందుకమ్మా. మీరు సరే అన్నారు కదా."

"కూర్చో."

కూర్చున్నాడు. వీణ కుడి తలుపు దగ్గర వాయిస్తోంది. ఎడమ పక్కన ఎవరూ లేరు. ఇంతకాలం తను కార్లలో మీటలు జరిపి జరిపి నింపుకున్న చోటు ఉత్త ఖాళీగా ఉంది. చెయ్యి దానంతటదే మీట వైపు వెళ్ళింది. వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది?" భుజంగరావుగారు అడిగారు. తిరిగొచ్చాక ఆయన పలికిన మొదటి మాట అదే.

"కుడిపక్కకి పోనాది సార్."

"ఎంత?"

పైడిబాబుకు ప్రశ్న అర్థం కాలేదు.

"ఎంత పోయింది? వీణ నీకు ఎక్కడ వినపడుతోందో చూపించు."

పైడిబాబు కళ్ళు మూసుకుని విన్నాడు. చెయ్యి చాచి, అద్దానికి కుడివైపున ఒకచోట వేలు పెట్టాడు. ఆయన ఒంగి, అద్దం మధ్యనుంచి ఆ వేలి దాకా టేపు లాగారు. కళ్ళజోడు పైకి తోసి చదివారు.

"పద్నాలుగంగుళాలు. కదలకు, మళ్ళీ చూడనీ. ఆ, పద్నాలుగే." జేబులోంచి పెన్సిలు తీసి కాగితం అంచు మీద రాశారు, ఆ ముక్క చింపి అతని చొక్కా జేబులో పెట్టారు. "మధ్య సీట్లో ఇది నీ తేడా. మామూలు బండి డ్రైవరు సీట్లో ఎంతో అది కూడా కొలుద్దాం, ఆదివారం ఏదైనా బండి తీసుకురా. లీల కూర్చుంటుంది. తేడా తెలిస్తే ఏ పనిముట్టుతోనైనా పని చెయ్యొచ్చు." తర్వాత ఇంకో మాట అన్నారు, అతని మొహం చూడకుండా. "నాకింకా కోపం తగ్గలేదు."

ఏడాదిన్నరగా పైడిబాబు దీన్ని ఎవరైనా కనిపెడతారేమోనని చస్తూ బతికాడు. ఎంత అని అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు, తనతో సహా. అంత పెద్ద భయం ఒక మూరకన్నా తక్కువ ఉంది. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వేలు ఇంకా అద్దం మీదే ఉంచి, ఆయన టేపు చుట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు.